అమ్మ ఫోల్డర్

ఆ ఆదివారం ఉదయం ప్రూఫ్‌రీడర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తల్లికి కళ్ళు చూపించడానికి భార్య ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వాళ్ళు వచ్చేలోగా పాత కంప్యూటర్ సర్దేయాలి. డిస్కులో గదుల్లాంటి రెండు పార్టిషన్లు ఉన్నాయి. ఒకటి కిక్కిరిసిపోయింది, రెండోది సగం ఖాళీ. మధ్య గోడ కాస్త జరిపితే చాలనుకున్నాడు. జరుపుతుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి రెండో పార్టిషనే లేదు. అందులో 'అమ్మ' అనే ఫోల్డర్ ఉంది. కాలం చేసిన తండ్రి తీసిన వీడియోలన్నీ, ఆయన గొంతుతో సహా, అందులోనే ఉన్నాయి.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాడు.

"చెల్లీ, అమ్మ పోయిందే! నా చేతులారా పోగొట్టాను!"

అవతల కెవ్వుమన్న కేక. అంతలో ఇవతల ఛార్జింగ్ అయిపోయింది. ఉద్యోగమంతా ఇతరుల రాతల్లో జారిపోయిన మాటలను పట్టుకున్న మనిషి, తన నోట 'ఫోల్డర్' అన్న మాట జారిపోయిందని గమనించనేలేదు. డిస్కు విప్పి, ఇంటికి తాళం వేసి, రిపేరు షాపుకు పరుగెత్తాడు.

"కంగారు పడకండి సార్. సామానెక్కడికీ పోలేదు. ఏ గది ఎక్కడుందో దీనికి గుర్తు లేదంతే. కొత్తగా ఏమీ ఎక్కించలేదు కదా?" అన్నాడు మెకానిక్.

"ముట్టుకుంటే ఒట్టు!"

"అయితే బతికినట్టే. కూర్చోండి."

ఇంటి దగ్గర జరిగింది అతనికి తర్వాత తెలిసింది. చెల్లెలు, బావ, పిన్ని, మేనమామ తాళం వేసిన తలుపు ముందు ఘొల్లుమన్నారు. చెల్లెలు వదినకు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. అప్పుడే, కోడలు డబ్బులిస్తుండగా, ఆటో దిగింది తల్లి. కళ్ళలో చుక్కలు వేశారేమో, అంతా మసకమసక. ఏడుపులు విని ఎవరో దగ్గరివాళ్ళే పోయారనుకుని, చేతికందిన పిన్నిని వాటేసుకుంది.

"ఎంత పని జరిగిందే!"

"ఊరుకో అక్కా, మన చేతుల్లో ఏముంది?" అని వీపు నిమిరిన పిన్ని, తాను ఓదారుస్తున్నది ఎవరినో చూసి అక్కడే చతికిలబడింది.

సరిగ్గా అప్పుడు వీధి మలుపులోంచి ప్రూఫ్‌రీడర్ కేక వినిపించింది.

"అమ్మ దొరికింది! చెక్కుచెదరలేదు!"

"కనబడుతూనే ఉందిరా!" అన్నాడు మేనమామ పళ్ళు నూరుతూ.

తిట్లయ్యాక అందరూ లోపలికొచ్చి టీవీ ముందు కూర్చున్నారు. వీడియోలు వచ్చాయి గానీ పేర్లూ లేవు, వరసా లేదు. చెల్లెలు కాలేజీకి వెళ్ళింది, ఆ వెంటనే పాకింది, తర్వాత పళ్ళూడి నవ్వింది. ఒకదాంట్లో తల్లి డాబామీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. కెమెరా వెనకనుంచి తండ్రి గొంతు.

"ఏమోయ్, ఒక్కసారి ఇటు చూడు."

మసక కళ్ళతో తల్లి ఆ గొంతు వైపు తిరిగి, పైట సర్దుకుంది.

"ఇంకోసారి వెయ్యరా," అంది.

పొద్దు వాలాక అందరూ వెళ్ళిపోయారు. అసలు తిట్లు ఇప్పుడుంటాయని ప్రూఫ్‌రీడర్ తలవంచుకుని నిలబడ్డాడు.

"బుద్ధి గడ్డితిందమ్మా."

"సర్లే. ఈసారి నేను పోయేటప్పుడు కాస్త ముందుగా చెప్పరా. మీ పెద్దమ్మని కూడా రమ్మంటాను."