కొండల్ స్తోత్రం చెప్పిన సోమవారం

సోమవారం పొద్దున టీ తాగుతూ కొండల్ ఒక నిర్ణయానికి వచ్చాడు. మంచి జరిగినా చెడు జరిగినా దేవునికి కృతజ్ఞత చెప్పాలని నిన్న చర్చిలో పాస్టరు గంటసేపు బోధించాడు. ఈ ఒక్కరోజైనా అది తప్పకుండా చేసి చూడాలి.

"మనసుల అనుకోరాదు? బయటికంటే లొల్లయితది," అంది భార్య సావిత్రి.

"మనసుల అనుకుంటే మర్చిపోత. బయటికంటేనే గుర్తుంటది."

ఆలోచన మంచిదే. కాకపోతే కొండల్ నీళ్ళ మోటర్ల మెకానిక్. చాంద్రాయణగుట్టలో ఎవరిదో ఒకరిది చెడిపోతే తప్ప అతని పొయ్యి వెలగదు.

ఇంతలో పై అంతస్తు నుంచి ఇంటి యజమాని గుండయ్య నోటినిండా పేస్టు నురగతో దిగివచ్చాడు. "కొండలూ, మోటర్ కాలిపోయింది! ట్యాంకుల చుక్క నీళ్ళు లెవ్వు!"

"దేవునికి స్తోత్రం!" అన్నాడు కొండల్ గట్టిగా.

గుండయ్య నోట్లో బ్రష్ ఆగిపోయింది. "నా మోటర్ కాలితే నీకు పండుగనా?"

"గట్ల కాదు సేటూ, మంచికైనా చెడ్డకైనా..."

"నువ్వు దాన్ని ముట్టకు! బేగంబజార్ల నా దుకాణం పక్కకే మెకానిక్ ఉన్నడు, ఆయన్ని పిలుస్త," అంటూ గుండయ్య కోపంలో పేస్టు మింగేసి, మరింత కోపంగా మెట్లెక్కాడు.

వీధిలోకి రాగానే ఇడ్లీబండి విమలాదేవి ఎదురైంది. "తమ్మీ, గ్రైండర్ ఆగిపోయింది. పిండి సగంలనే ఉన్నది."

కొండల్ ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ అనుకున్నది అనుకున్నదే. "దేవునికి స్తోత్రం అక్కా!"

విమలాదేవి చేతిలోని గరిటె పైకి లేచింది. ఆమె గొంతు అంతకన్నా పైకి లేచింది.

మధ్యాహ్నానికి బస్తీ అంతా ఒకటే మాట. మిషన్లు చెడిపోవాలని కొండల్ రోజూ ప్రార్థన చేస్తున్నాడట! ఒకరికి తమ కూలర్ గుర్తొచ్చింది, ఇంకొకరికి మిక్సీ. రెండేళ్ళ కిందట ఆగిన గోడగడియారం నేరం కూడా అతని మీదే పడింది.

సాయంత్రం పదిమంది ఇంటి ముందు చేరారు. బేగంబజార్ మెకానిక్ రానేలేదు. స్నానం లేని గుండయ్య మండిపడుతున్నాడు. "నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్!"

పదకొండేళ్ళుగా ఉంటున్న ఇల్లు. కొండల్ గడపలో నిలబడిన సావిత్రి వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "దేవునికి... స్తోత్రం," అన్నాడు.

"ఎల్లగొడ్తుంటే గూడ స్తోత్రమేనా?" అన్నాడు గుండయ్య.

"పొద్దుగాల నుంచి నేను చెప్పేది గదే కదా సేటూ. మీది చెడితే ఒక మాట, నాది చెడితే ఒక మాట లేదు."

గుండయ్య జిడ్డు మెడ గోక్కున్నాడు. "ఇంటి ఫికర్ ఇడిచిపెట్టు. జెర మోటర్ చూడు."

విప్పి చూస్తే మోటర్ కాలనే లేదు, వైరు ఊడిందంతే. పది నిమిషాల్లో ట్యాంకులోకి నీళ్ళు దూకాయి. విమలాదేవి గ్రైండరూ తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు.

"చూసిన్రా! కొండల్ చెయ్యి పడ్డంక తిరగని మోటర్ ఉంటదా?" అన్నాడు కొండల్ మీసం దువ్వుతూ.

సావిత్రి మోచేత్తో మెల్లగా పొడిచింది. "ఏందో మర్చిపోయినవ్."

కొండల్ జేబు తడుముకుని చూశాడు. "ఏం మర్చిపోలే. పానా జేబులనే ఉన్నది."