దేవదాస్ గుండు

మంగళవారం పొద్దున దేవదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి గుండు, ఏడున్నరకు బోధన్ నుంచి నిజామాబాద్ బస్సు, పదింటికి భార్య కమలమ్మకు మూడో కీమో. రెండోదానికే జుట్టంతా రాలిపోయి కమలమ్మ పది రోజులుగా గడప దాటడం లేదు. "గీ బోడి తలకాయతోని బస్సెక్క. ఇంజక్షన్ వద్దు, ఏం వద్దు" అని మొండికేసింది. ఇది తప్పితే జబ్బు మళ్లీ ముదురుతుందని డాక్టర్ గట్టిగా చెప్పాడు. దేవదాస్‌కు భయం పట్టుకుంది. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసిన బుర్ర కదా, గుండ్లు రెండైతే సిగ్గు సగానికి దిగుతుందని తేల్చింది.

గుండుతో తిరిగొస్తున్న అతణ్ని పక్కింటి ఆశన్న గోడ మీంచి చూసి, పలకరించబోయి ఆగిపోయాడు. చర్చికి వెళ్లే మనిషి, వేములవాడ మొక్కు అయ్యుండదు. మిగిలిన కారణం ఒక్కటే. లోపలికెళ్లి భార్య గంగుబాయికి చెప్పాడు.

"వాళ్లల్ల సావుకు గుండు తీస్కోరు గదా?" అంది గంగుబాయి.

"దుఃఖం ఎక్కువైతే మతం యాదికుంటదా?"

చావింట పొయ్యి వెలగదు కనుక గంగుబాయి ఏడుస్తూనే కిచిడీకి ఎసరు పెట్టింది. ఆశన్న కోటగిరిలో ఉన్న కమలమ్మ తమ్ముడు స్టీవెన్‌కు ఫోన్ చేశాడు. స్టీవెన్ జీపెక్కుతూ చర్చికి చెప్పాడు. చర్చివాళ్లు గంట కొట్టి, గుంత తవ్వడానికి ఇద్దరిని పంపారు.

ఇక్కడ కమలమ్మ మొగుడి గుండు చూసి, "నీది గీకిస్తే నాకు ఎంటికలొస్తయా?" అని ముసుగుతన్నింది. బతిమాలుతుండగానే బస్సు వెళ్లిపోయింది. గంట విని "ఎవలో పోయిండ్రు పాపం" అని దేవదాస్ అంటుండగా వాకిట్లో ఏడుపులు. తలుపు తీస్తే పూలదండలతో ముప్పై మంది. స్టీవెన్ అతని మెడ మీద పడి, "బావా, అక్కను ఒక్కసారి సూపియ్యి" అని బావురుమన్నాడు. ఏమీ అర్థంకాక దేవదాస్ గుండు తడుముకున్నాడు. అది చూసి జనం ఇంకా ఏడ్చారు.

లోపల కమలమ్మకు ఒళ్లు మండింది. తల సంగతే మరిచి గడప దాటి వచ్చింది. "ఎవలు సచ్చిండ్రని గీ లొల్లి?"

ముందు తేరుకున్నది గంగుబాయే. "నువ్వే అనుకున్నం అక్కా. కిచిడీ తెచ్చిన."

కమలమ్మ అందరి ముఖాలూ చూసింది. తన కోసం ఏడ్చి ఎర్రబడిన కళ్లు. మనిషి బతికుంది, ఇక జుట్టు సంగతి ఎవరికి పట్టింది? అక్కడే అరుగు మీద కూర్చుని, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నది.

"స్టీవెన్, జీపు తియ్యి. పదింటికి ఇంజక్షన్ ఉన్నది."

"అక్కా, తలకు రుమాలు?"

"నా సావుకే వచ్చిండ్రు, నా గుండు దాసి ఏం జేస్త? నడువు."

పదికి అయిదు నిమిషాల ముందే కమలమ్మ నర్సుకు చెయ్యి చాచింది. దేవదాస్ ఆ వరండాలో గుండు నిమురుకుంటూ, ఎన్నికల్లో గెలిచినవాడిలా కనబడ్డ ప్రతివాడికీ నమస్కారం పెట్టాడు.

పొద్దున అక్క పోయిందని ఆఫీసుకు రాసి పది రోజులు సెలవు పెట్టిన స్టీవెన్, ఆ పది రోజులూ అక్క దగ్గరే ఉండి వండిపెట్టాడు. అర్జీలో కారణం మాత్రం దిద్దలేదు.