తెల్ల తువ్వాలు వేసిన కుర్చీ

ఒక పెద్ద అడవిలో కరెంటు ఉండేది. కొండ మీద ఒక చక్రం, దాన్ని తిప్పడానికి నాలుగు ఏనుగులు. కరెంటు ఉన్నాక కోతా ఉంటుంది కదా, అదీ ఉండేది. ఏనుగులు వంతులవారీగా నడుం వాల్చాలని రోజూ ఒక్కో మజిలీకి రెండేసి గంటలు కోత పెట్టేవారు. ఆ వేళలు ముందే బోర్డు మీద రాసేవారు. చెప్పి మరీ చీకటి చేసే మర్యాద తమ అడవిలోనే ఉందని జంతువులు మురిసిపోయేవి.

ఆ ఏడు వానలకి తూర్పు వాగు పొంగి చుక్కమ్మ అనే అడవికోడి గూడు మునిగిపోయింది. మిగిలినవి ఆరు గుడ్లు. వాటిని తెల్ల తువ్వాలులో చుట్టి, బుట్టలో పెట్టుకుని, పడమటి కొండ మీదున్న అక్క ఇంటికి బయలుదేరింది. గుడ్ల మీద కూర్చుంటే ప్రయాణం సాగదు. నడుస్తూ పోతే గుడ్లు చల్లారిపోతాయి. పోనీ కూర్చుందామన్నా తడిసిన రెక్కల కింద వేడెక్కడిది? దారిలో మూడు మజిలీలున్నాయి, ఒక్కోచోటా బాటసారుల కోసం వెచ్చటి దీపం ఉంటుంది. ఆ ధైర్యంతోనే అడుగు వేసింది.

పొద్దున ఎనిమిదింటికి తూర్పు మజిలీ చేరి బుట్ట దీపం కింద పెట్టగానే దీపం ఆరిపోయింది.

"ఎనిమిది నుంచి పదిదాకా కోతమ్మా. బోర్డు చూళ్ళేదా?" అన్నాడు కాపలా ముంగిస.

పదిదాకా కూర్చుంటే వాగు అక్కడికీ వచ్చేలా ఉంది. చుక్కమ్మ నడక సాగించింది. పన్నెండింటికి నడిమి మజిలీలో కాలు పెట్టగానే అక్కడా దీపం ఆరింది. బోర్డు చూసింది. నడిమి మజిలీకి పన్నెండు నుంచి రెండు. పడమటి మజిలీకి నాలుగు నుంచి ఆరు. కోడి నడకకి సరిగ్గా సరిపోయేట్టు కోత కూడా తనతోపాటే నడుస్తోందని అప్పుడు అర్థమైంది. గుడ్లు తడిమి చూసింది. చల్లగా తగిలాయి.

ఆ మజిలీలోనే నక్క ఇంజినీరు గారి ఆఫీసు.

"అయ్యా, ఒక్క అరగంట దీపం ఇప్పించండి. పిల్లలు దక్కుతారు."

"నీ ఊరి కోత వేళేదమ్మా?"

"ఊరు మునిగిపోయిందండీ. దారిలో ఉన్నాను."

నక్క కాగితాలన్నీ తిరగేసింది. "తూర్పు వాళ్ళకి ఒక గడి ఉంది, నడిమి వాళ్ళకి ఒకటి, పడమటి వాళ్ళకి ఒకటి. దారిలో ఉన్నవాళ్ళకి గడి లేదు. ముందు ఎక్కడో ఒకచోట ఉండు, తర్వాత మాట్లాడదాం."

చుక్కమ్మకి ఏడుపొచ్చింది. వరండాలోకి వచ్చి, తడిసిన తువ్వాలు పిండి అక్కడున్న కుర్చీ వీపు మీద ఆరేసింది. గుడ్ల బుట్ట ఆ కుర్చీలో పెట్టి తల వంచుకుంది.

అదే సమయంలో స్తంభం మీదున్న లైన్‌మన్ కొండముచ్చు కిందికి చూశాడు. కుర్చీ, దాని మీద తెల్ల తువ్వాలు! ఆ అడవిలో తెల్ల తువ్వాలు వేసిన కుర్చీ అంటే అధికారి కుర్చీ. అందులో ఎవరున్నారని ఎవరూ చూడరు. అధికారి దిగినచోట కోత ఉండదని బోర్డు మీద రాయరు గానీ, అందరికీ తెలుసు.

"పెద్దాయనెవరో దిగారు! వెయ్యండ్రా లైను!" అని కేకేశాడు. దీపాలు భగ్గున వెలిగాయి. నక్క లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, తువ్వాలు చూసి, బుట్టకి వంగి దండం పెట్టి, వెనక్కి నడుస్తూనే లోపలికి పోయింది.

చుక్కమ్మ కుర్చీని దీపం కిందికి జరుపుకుంది. మూలనున్న తాబేలు మాత్రం అంతా చూసింది. "అమ్మాయ్, ఆ తువ్వాలు ఎక్కడ కొన్నావు?" అని మెల్లగా అడిగింది.

తాబేలు నడక నిదానం గానీ నోరు నిదానం కాదు. గుడ్లు వెచ్చబడ్డాక బయలుదేరిన చుక్కమ్మ అయిదింటికి పడమటి మజిలీ చేరేసరికి అక్కడ నలభై కుర్చీలు, నలభై తువ్వాళ్ళు. కుందేళ్ళు, ఉడతలు, ఎలుగుబంటి, అందరూ అధికారులే. దొరికిన చివరి కుర్చీలో బుట్ట పెట్టి, చుక్కమ్మ తన తువ్వాలు వేసింది.

అన్నిచోట్లా అధికారులే కాబట్టి మూడు మజిలీల్లోనూ కోత ఎత్తేశారు. కొండ మీద ఏనుగులకి నోట నురగలు వచ్చాయి. "ఎవరికో ఒకరికి ఆపండి, లేకపోతే చక్రం వదిలేస్తాం" అని కబురంపాయి.

పర్యవేక్షణకి పరుగున వచ్చిన నక్క తల పట్టుకుంది. ఇంతమంది పెద్దల్లో ఎవరికని ఆపుతుంది? సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. ఒళ్ళంతా బురద, తువ్వాలు లేదు. అరుగు మీద చతికిలబడ్డారు.

నక్క మొహం వెలిగింది. "ఆ అరుగు దగ్గర దీపం తీసెయ్యండి!"

చీకట్లోంచి గొంతు వినిపించింది. "ఇక్కడ అధికారి ఎవరు?"

"అదుగో, కనపడటంలా?" అంటూ నక్క చుక్కమ్మ కుర్చీ చూపించింది.

దీపం కింద ఒక గుడ్డు చిట్లింది. తడి తల ఒకటి బయటికొచ్చి కిచ్‌మంది. చుక్కమ్మ కళ్ళు తుడుచుకుంది. రెండోది చిట్లింది, మూడోదీ చిట్లింది. నక్క వరసగా మూడు దండాలు పెట్టింది.

అరుగు మీదున్నాయన లేచి దీపం వెలుగులోకి వచ్చి ఒళ్ళు దులుపుకున్నాడు. బురద రాలి చారలు బయటపడ్డాయి. తనిఖీకొచ్చిన పులిదొర! నక్క నాలుగో దండం సగంలో ఆగిపోయింది.

పులిదొర అప్పటికప్పుడు విచారణ జరిపి, తప్పెక్కడుందో కనిపెట్టి, మర్నాడే ఉత్తర్వు ఇచ్చాడు. కోత వేళలు మారలేదు. దారిలో ఉన్నవాళ్ళకి గడీ రాలేదు. ఇకమీదట తువ్వాళ్ళ మీద ఆఫీసు ముద్ర ఉండాలన్నాడు, అంతే.

ఆ ముద్ర వేసే పని నక్కకే అప్పగించారు. ఆరు పిల్లల్నీ వెంటేసుకుని చుక్కమ్మ అప్పటికే అక్క ఇల్లు చేరింది.

నీతి: ప్రయాణంలో బోర్డు చదవకపోయినా ఫర్వాలేదు గానీ, తెల్ల తువ్వాలు మాత్రం మరిచిపోకండి.