ఆత్మీయ షటిల్ పోటీ

పరలోక మార్గం షటిల్ కోర్టు గుండా పోతుందని 1986లో కనిపెట్టిన ఘనత బరంపురంలోని ఒక తెలుగు సంఘానికి పాస్టరుగా ఉన్న వైకుంఠరావు గారిది. ఆయన తాతగారు బాప్తిస్మం పుచ్చుకున్నారు గాని, పేర్లు మార్చుకునే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ దొరకలేదు. షుగరు ఉంది, పొద్దున్నే ఏదైనా ఆడమని డాక్టరు చెబితే పాస్టరు గారు షటిల్ ఆడారు. మూడో రోజు నుంచి ఆయనకు ఆటలో దేవుడు కనిపించడం మొదలుపెట్టాడు.

ఇక ఆదివారాలు సంఘం ధన్యమైంది. నెట్టు ధర్మశాస్త్రమని, కాక్ మనిషి ఆత్మ అని ఆయన బోధించారు. దెబ్బ తగిలితేనే పైకి లేవడం రెండింటికీ ఉన్న పోలిక. ఆట మొదట్లో చెరి సున్నా అనడానికి అంపైరు ‘లవ్ ఆల్’ అంటాడు గనుక, అందరినీ ప్రేమించమన్న ఆజ్ఞ క్రీడాసంఘాలకు కూడా అందిందని నిరూపించారు. చర్చి వెనక ఆదివారం బడి పిల్లలు కూర్చునే జాగాను చదును చేయించి, సున్నంతో గీతలు గీయించారు. పిల్లలు చెప్పులు విడిచే వరండాలోకి మారారు. వారికి ఇందువల్ల వినయం అలవడుతుందని కమిటీ తీర్మానించింది.

ఆ పిల్లలకు పద్నాలుగేళ్ళుగా పాఠాలు చెబుతున్నది పుణ్యవతి. సోనేపూర్‌లో చేపలు పట్టే ఇంట పుట్టింది. ఆసుపత్రిలో నర్సు. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. వారమంతా పుండ్లు కడిగి, ఆదివారం ఆ ముప్పై మంది పిల్లల మధ్య కూర్చుంటే ఆమెకు ప్రాణం కుదుటపడేది. ఆమెలో లోపం ఒక్కటే. ప్రసంగంలో విన్నదాన్ని నిజమని నమ్మేది.

ఆగస్టులో పాస్టరు గారు గీత గురించి ప్రసంగించారు. “గీత దేవుని వాక్యం. కాక్ వెంట్రుకవాసి అవతల పడినా అవతలే. ఆడినవాడు ఎంత పెద్దవాడైనా సరే, బయట పడిందని నోరు తెరిచి చెప్పేవాడే క్రైస్తవుడు” అన్నారు. సంఘం ఆమెన్ అంది. పుణ్యవతి ఆ మాటల్ని బోర్డు మీద రాసి, పిల్లల చేత పదిసార్లు చదివించింది.

డిసెంబరులో ఆత్మీయ షటిల్ పోటీలు జరిగాయి. ఫైనల్లో ఒకవైపు పాస్టరు గారు, సంఘ పెద్ద రామచంద్రరావు గారు. తెల్ల బూట్లు, తెల్ల టోపీలు. అవతల గిరిసోల నుంచి వచ్చిన సోములు, తవిటయ్య. రైలు స్టేషనులో మూటలు మోసే అన్నదమ్ములు, ఉత్త కాళ్ళు. ఓడిపోయి అతిథి ధర్మం పాటించవలసిన బాధ్యత తమ మీద ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. సంఘంలో అబద్ధమాడని మనిషి కావాలంటే అందరూ పుణ్యవతి పేరే చెప్పారు గనుక, ఆమెను వెనక గీత దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

గిరిసోల వాళ్ళు పద్నాలుగు పాయింట్ల మీద ఉన్నారు. ఇంకొక్కటి వస్తే గెలుపు. పాస్టరు గారు ఎగిరి, బలమంతా పెట్టి కొట్టారు. కాక్ గీత దాటి పడింది.

“బయట” అంది పుణ్యవతి.

పాస్టరు గారు నెట్టు దగ్గరికి వచ్చి చిరునవ్వు నవ్వారు. “పుణ్యవతమ్మా, ఇంకొక్కసారి ప్రార్థనాపూర్వకంగా చూడు” అన్నారు.

“సూసినానండి. జానెడు బయట పడింది.”

కప్పు సాయంత్రం పాసింజరులో గిరిసోల వెళ్ళిపోయింది.

మర్నాడు విచారణ సంఘం కూర్చుంది. దానికి అధ్యక్షుడు రామచంద్రరావు గారు. పాస్టరు గారితో కలిసి ఆడినందువల్ల ఆయనకు విషయం క్షుణ్ణంగా తెలుసునని ఆ బాధ్యత అప్పగించారు. ఆట చూసిన అరవై మందినీ పిలిచి అడిగారు. ఆ క్షణంలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నామని యాభై ఎనిమిది మంది చెప్పారు. మిగిలిన ఇద్దరికీ కళ్ళలో నలుసు పడింది. పాటల బృందం నడిపే భారతీదేవి, తాను కళ్ళు మూసుకున్నా కాక్ లోపలే పడినట్టు ఆత్మలో తోచిందని సాక్ష్యమిచ్చింది.

రామచంద్రరావు గారు పుణ్యవతిని దయగానే చూశారు. కళ్ళలో ఎండ పడిందని ఒక్క వాక్యం రాసిస్తే చాలు, అంతా సర్దుకుంటుందన్నారు. లేకపోతే పిల్లల తరగతికి ఇంకొకరిని చూడవలసి వస్తుందని బాధపడ్డారు.

పుణ్యవతి కాగితం వంక చాలాసేపు చూసింది. ముప్పై ముఖాలూ కళ్ళ ముందు తిరిగాయి. కలం పట్టుకుంది కూడా.

“ఇది రాసేసినాక ఆ పిల్లలకి నానేటి సెప్పాలండి?” అని అడిగింది. ఆ ప్రశ్న విచారణ పరిధిలో లేదన్నారు. ఆమె కలం బల్లమీద పెట్టి వచ్చేసింది.

కాక్ లోపల పడినట్టు ఏకగ్రీవంగా తీర్మానమైంది. గిరిసోల వెళ్ళినదానికంటే పెద్ద కప్పు ఒకటి తెప్పించి విజేతలకు బహూకరించారు. పుణ్యవతికి విశ్రాంతి ప్రసాదించారు. తరగతి భారతీదేవికి దక్కింది. తరువాతి ఆదివారం నుంచి పుణ్యవతి చివరి బెంచీలో కూర్చుని, వరండాలోంచి వినిపించే పిల్లల పాట మధ్యలో తప్పిపోతే పెదవులతో అందించేది. అది వాళ్ళకు చేరేది కాదు.

నెల తిరక్కుండానే గేట్ బజార్‌లో, చీరల కొట్టు లోపలి మూల, భారతీదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు సెప్పిందే నిజమమ్మా. నానూ సూసినాను. జానెడేటి, మూరెడు బయట పడింది” అంది గుసగుసగా.

“మరారోజు సెప్పలేదేటి?”

“మా పిల్లదాని పెళ్ళి ఆ పాస్టరు గారే సెయ్యాల గదా.”

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కూరల సంతలో ఒకరు, ఆటోలో ఒకరు, ఆసుపత్రి మెట్ల మీద ఒకరు. వచ్చిన ప్రతి మనిషితోనూ కాక్ ఇంకాస్త దూరం జరిగింది. ఈస్టరు నాటికి అది ప్రహరీ దాటి వీధిలో పడిందని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

చివరికి ఒక మధ్యాహ్నం, రోగుల కోసం ప్రార్థన చెయ్యడానికి ఆసుపత్రికి వచ్చిన పాస్టరు గారే వార్డు బయట పుణ్యవతి దగ్గర ఆగారు. అటూ ఇటూ చూశారు. వేదిక మీది గ్రాంథికం ఆయన నోటి నుంచి జారిపోయింది.

“బయటే పడిందమ్మా. కొట్టినోణ్ణి నాకు తెల్దా?” అన్నారు. “కానీ అంతమంది లోపలని సెప్పినాక, నానొక్కణ్ణీ బయటంటే సంఘాన్ని అబద్ధికుల్ని సేసినట్టు అవదా?”

ఈ మాట ఎవరితోనూ చెప్పవద్దని కోరి ఆయన వెళ్ళిపోయారు.

ఆమె ఎవరితోనూ చెప్పలేదు. ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు ఒక్కరైనా మిగిలి ఉంటే కదా, చెప్పడానికి.