ఇంటి కాగితాలు

ఆ గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు మారిసెలా ఓసూనా తన చివరి పరీక్ష పాఠం చెప్పాలి. సలీనాస్‌లో, వలసకూలీలు పనిచేసే లెట్యూస్ ఆకుకూర పొలాల పక్కనున్న ఒక బడిలో, నాలుగో తరగతికి ఆమె ఇంకా శిక్షణలో ఉన్న పంతులమ్మ. విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ విల్లాల్పాందో వచ్చి, వెనక కూర్చుని చూస్తారు. బాగుందంటే ఉద్యోగం. లేదంటే మళ్ళీ ఏడాది శిక్షణ.

ఏడాదంతా ఆ ప్రొఫెసర్ దగ్గరే లాటినో విమర్శనాత్మక జాతి సిద్ధాంతం చదివిన మారిసెలా ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంది. పాఠ్యపుస్తకంలో మనవాళ్ళ గురించి రెండు వాక్యాలే ఉంటే, మిగతా కథ వాళ్ళ ఇళ్ళలో ఉంటుంది. దాన్ని తరగతిలోకి తేవాలి. అందుకని పిల్లలు ఇంట్లో దాచిన పాత ఉత్తరమో, వంట చీటీయో తెచ్చి దాని కథ చెప్పాలని అనుకుంది. ముందురోజే తల్లిదండ్రులకు స్పానిష్‌లో చీటీ పంపింది. ఆమె స్పానిష్ అంతంతమాత్రం. బడిలో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న వాళ్ళమ్మ, కూతురికి దాన్ని నేర్పనే లేదు.

ఎనిమిదింబావుకు తరగతిలో ఇరవై ఆరుగురికి నలుగురే ఉన్నారు.

ఆఫీసు గుమాస్తా నోర్మా చీటీ పట్టుకుని వచ్చింది. "ఇది నువ్వే రాశావా?"

"నేనే. నిఘంటువు చూసి మరీ రాశాను. తప్పులున్నాయా?"

"ఒక్క తప్పూ లేదు. అదే వచ్చిన తంటా. విను. 'రేపు పిల్లలతో మీ ఇంటి కాగితాలు తప్పక పంపండి. పైనుంచి అధికారి వచ్చి పరిశీలిస్తారు.'"

మారిసెలా చీటీ లాక్కుని మళ్ళీ చదివింది. ఆ ఊళ్ళో కాగితాలంటే ఒకటే అర్థం: ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి పత్రాలు. చాలా ఇళ్ళలో అవి ఒకరికుంటే ఇంకొకరికి ఉండవు.

వెంటనే ఫోను అందుకుంది. మొదటి తల్లితో, "భయపడకండమ్మా, వచ్చే ఆవిడ చాలా మంచిది, ఊరికే చూసి పోతుంది" అంది. అవతల ఫోను పెట్టేశారు. రెండో ఆమె ఇంటి ఫోనులోనే, "మేం ఊళ్ళో లేం" అంది. మూడో ఇంట్లో ఒక మగగొంతు, ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది.

గేటు దగ్గర మనవరాలిని దింపడానికి వచ్చిన దోన్యా ఎవులాలియా కనిపించింది. ఆ పేటకంతటికీ పెద్దావిడ, అందుకే అందరూ గౌరవంగా 'దోన్యా' అంటారు.

"ఏడుస్తున్నావా తల్లీ?"

"లేదండీ."

"మరి ఆ ముక్కెందుకు కారుతోంది?"

మారిసెలా జరిగిందంతా చెప్పింది.

"ఓసి పిచ్చిపిల్లా! పాత ఉత్తరాలు కావాలంటే పాత ఉత్తరాలనే రాయొచ్చుగా! ఉండు, మా చెల్లెలికి ఫోను చేస్తాను. దానికి చెబితే ఊరంతా చెప్పినట్టే."

చెప్పింది. చెల్లెలు లెట్యూస్ పెట్టెలకెత్తే షెడ్డులో, యంత్రాల రొదలో ఉంది. ఆమెకు వినబడింది టీచరమ్మ ఏడుస్తోందనీ, అధికారి వస్తోందనీ మాత్రమే. షెడ్డు దాటేసరికి అది "టీచరమ్మను పట్టుకుపోవడానికి అధికారి వస్తోంది" అయింది. పొలాలకు చేరేసరికి అధికారులు ముగ్గురయ్యారు. అది తిరిగి తన చెవినే పడేసరికి, ఇంతమంది అంటున్నారంటే నిజమేననుకుని ఎవులాలియా కూడా నమ్మేసింది.

తొమ్మిదీ ఇరవైకి బడి ముందు పాత ట్రక్కులు వరసగా వచ్చి ఆగాయి. బురద బూట్లతో, నెత్తిన వలటోపీలతో నలభై మంది దిగారు. ఇంట్లో దాచిన పిల్లల్ని చేయిపట్టుకుని తెచ్చారు. తరగతి వాకిలికి అడ్డంగా నిలబడ్డారు.

మారిసెలా వాకిట్లోకి పరిగెత్తింది. "మీరు... భయపడ్డారు కదా?"

"భయమే టీచరమ్మా," అన్నాడొకాయన, ఇంట్లో ఎవరూ లేరని ఫోనులో చెప్పిన గొంతుతో. "కానీ చదవడమంటే జడుసుకునే మా పిల్లని దారిలో పెట్టింది నువ్వు. నిన్నెలా వదిలేస్తాం?"

అప్పుడే ప్రొఫెసర్ విల్లాల్పాందో వచ్చారు. నల్లకోటు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు. అధికారేనని జనానికి ఇక అనుమానానికి తావే లేదు.

మారిసెలా అడ్డుపడేలోపే, "ఆగు!" అంది ఎవులాలియా. "కాగితాలు చూపించు."

"నా... కాగితాలా?"

"నీవే. మా దగ్గర అడగడానికి వచ్చావుగా, ముందు నీవి తియ్యి."

ప్రొఫెసర్ కార్డు ఇచ్చారు. కళ్ళజోడు తెచ్చుకోని ఎవులాలియా దాన్ని తిరగేసి బోర్లేసి చూసి తిరిగిచ్చేసింది. "ఇదేం తెలియడం లేదు. ఏ ఊరు? ఎవరి అమ్మాయివి?"

"డెలానో. మా నాన్న ద్రాక్షతోటల్లో పనిచేశాడు. నా పేరు గ్రసియేలా. మా టీచరుకు నోరు తిరగక గ్రేస్ అని రాసేసింది. పదకొండేళ్ళు గ్రేస్ అంటేనే పలికాను."

ఎవులాలియా మొహం మెత్తబడింది. "మా ఆయనదీ అదే కథ. హెసూస్‌ని పట్టుకుని జెస్సీ చేశారు. చచ్చేదాకా ఆ పేరంటే ఒళ్ళు మండేది. లోపలికి రా, నిలబడి ఏం చెప్పుకుంటాం?"

పిల్లలు కుర్చీలు లాగారు. పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ కథలు చెప్పసాగారు. ఎవరు ఏ వాన రాత్రి బయల్దేరారో, ఎవరి అమ్మ పొలం గట్టున అక్షరాలు దిద్దుకుందో. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మారిసెలా చేసిందల్లా, "కాస్త గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకు వినబడటం లేదు" అనడమే.

భోజనాల గంట కొట్టాక ఆమె చీటీ సంగతి ఒప్పుకుంది. ప్రొఫెసర్ చాలాసేపు నవ్వారు. "స్పానిష్‌లో చీటీ రాస్తే ఇప్పటికీ మా అత్తతో దిద్దించుకుంటాను. నీకూ ఒక అత్తను వెతుక్కో."

మారిసెలా ఆ మాటను చీటీ వెనక రాసుకుంది.

సాయంత్రం నివేదిక వచ్చింది. అందులో రెండే వాక్యాలు: "పాఠ ప్రణాళిక ప్రకారం ఒక్కటీ జరగలేదు. ఉత్తీర్ణురాలు."