ఫోలౌ పడవలో గాలి ఎక్కడ పోతోంది

అక్క వస్తోందని కబురందిన రోజునే ఫోలౌ పడవలో కంప్రెసర్‌కి జబ్బు చేసింది. చేసింది అనడం కంటే చేయించాడు అనడం న్యాయం.

ఫోలౌ టోంగాలో నెయాఫు రేవు నుంచి చుట్టుపక్కల దీవులకి పడవ నడుపుతాడు. మనుషులు, చేమదుంపల బుట్టలు, పందులు, చర్చి బ్యాండువాళ్ల బాకాలు, అన్నీ ఎక్కుతాయి. ఆ పడవకి రంగు లేదు. పైకప్పు సగమే ఉంది. కాని హారను ఉంది. విప్పేసిన ఒక పెద్ద ఓడ నుంచి దాన్ని తెచ్చి బిగించుకున్నాడు. నొక్కితే మూడు దీవుల్లో కుక్కలు లేస్తాయి. చెవుడున్న ముసలమ్మ కూడా బుట్ట సర్దుకుని ఒడ్డుకి వచ్చేస్తుంది. అందుకే అతన్ని బాకా ఫోలౌ అంటారు. ఆ పేరు హారన్ని బట్టి కాదు, గురకని బట్టి వచ్చిందని భార్య ఎసేత అంటుంది.

హారనుకి గాలి కావాలి. ఆ గాలిని కంప్రెసర్ ట్యాంకులోకి నింపి ఆగుతుంది. గాలి తగ్గితే తనంతట తానే మళ్లీ లేస్తుంది. పొద్దున్న ఒకసారి నిండితే మధ్యాహ్నం దాకా నోరెత్తదు. ఫోలౌకి దానిమీద ఉన్నంత ప్రేమ సొంత మోకాళ్ల మీద కూడా లేదు.

అక్క లోసేలి రాజధానిలో ఉంటుంది. ఫోను ఎసేతకే చేసింది. ఆమె చెప్పింది ఎసేత అన్నం దగ్గర మోసుకొచ్చింది.

"వదినగారి అబ్బాయి కెపు టైర్ల షాపు పెట్టాడట. చేతిపంపు కొట్టి కొట్టి భుజాలు పోతున్నాయట పిల్లాడికి. వదినగారు గురువారం వస్తున్నారు. నీ పడవలో గాలి మిషను భలే ఉందట కదా అన్నారు."

ఫోలౌ చేతిలో చేమదుంప ముక్క నోటికీ పళ్లేనికీ మధ్య ఆగిపోయింది.

"భలే ఉందందా?"

"భలే ఉందనే అన్నారు."

"అయితే పోయింది."

టోంగాలో పుట్టినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. అక్క ఒక వస్తువు బాగుందంటే అది ఆమెదే. కాదనడానికి తమ్ముడికి నోరుండదు. కిందటిసారి వచ్చినప్పుడు ఆమె "పంది బలంగా ఉందే" అంది. పంది ఓడెక్కింది. "మంచం గట్టిగా ఉందే" అంది. ఆనాటి నుంచి మొగుడూ పెళ్లాలు చాప మీదే పడుకుంటున్నారు.

తప్పించుకోవడానికి ఒక్కటే దారి. చెడిపోయిన వస్తువు అక్క చేతిలో పెట్టడం అమర్యాద. కాబట్టి కంప్రెసర్ చెడిపోవాలి, కాని నిజంగా చెడిపోకూడదు.

ఫోలౌ పానా తీసుకుని ట్యాంకు వెనక గొట్టం నట్టు పావు చుట్టు వదులు చేశాడు. గాలి పిల్లి ఊపిరిలా సన్నగా పోవడం మొదలుపెట్టింది. కంప్రెసర్ నాలుగు నిమిషాలకోసారి గుర్రుమని లేస్తూ, ఆగుతూ, మళ్లీ లేస్తూ రోగిష్టి అత్తగారిలా తయారైంది.

ఎసేతకి చెప్పలేదు. ఆమె అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అక్క ముందుగా చూసేది చెవులే.

"ఏమయ్యా, ఇది మాటిమాటికీ మొత్తుకుంటోందేం?"

"వయసు."

"నీకంటే చిన్నదేగా."

"పని ఎక్కువ."

"అయితే నీలా బతికితే నూరేళ్లు ఉండేది."

అని ఊరుకుంటే ఆమె ఎసేత కాదు. గిన్నెలో సబ్బు నురుగు కలిపి, పాత రంగు కుంచెతో గొట్టాల అతుకులన్నిటికీ పూసింది. ట్యాంకు వెనక నట్టు దగ్గర నురుగు ఉబ్బి ఉబ్బి కోడిగుడ్డంత బుడగై కూర్చుంది. పానా తెచ్చి బిగించింది. కంప్రెసర్ నిద్రపోయింది.

"దొరికింది చూడు. సంతోషంగా లేవేం?"

"లోపల సంతోషంగానే ఉన్నాను."

సాయంత్రం ఫోలౌ ట్యాంకు అడుగున నీళ్లు వదిలే కుళాయి వెంట్రుకంత తిప్పాడు. ఎసేత పొద్దున్న కట్టేసింది. అతను హారను దగ్గర నట్టు వదిలాడు. ఆమె బిగించింది. ఇలా రెండు రోజులు ఒకరి వెనక ఒకరు ఆ పడవలో అన్ని నట్లకీ ప్రదక్షిణం చేశారు.

ఈ గొడవలో బ్యాటరీ నలిగిపోయింది. బుధవారం హుంగా దీవి నుంచి వస్తుంటే నడిసముద్రంలో ఇంజను ఆగింది. మళ్లీ తిప్పుదామంటే బ్యాటరీలో ప్రాణం లేదు. ఉన్న కాస్తా కంప్రెసరే తాగేసింది. పద్నాలుగు మంది ప్రయాణికులు పలకలతో, వంటగిన్నెల మూతలతో తెడ్లు వేశారు. బ్యాండువాళ్లు తాళం తప్పకుండా కీర్తన వాయించారు. చాలామంది ఏడుపాపుకున్నారు. ఒక పంది మాత్రం ఆపుకోలేదు. రేవు చేరేసరికి ఒక పెద్దాయన, "ఫోలౌ, ఈసారి మమ్మల్ని ముందే తెడ్లు తెచ్చుకోమను" అని దిగిపోయాడు.

ఆ రోజు ఎసేత మొగుణ్ణి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనని రోజు భయపడాలని ఫోలౌకి ఇరవై ఆరేళ్ల కాపురంలో ఇంకా తెలియలేదు.

గురువారం పొద్దున్న ప్రతి నట్టు మీదా, దాని పక్క గొట్టం మీదా కలిసేలా ఎర్రరంగుతో సన్నటి గీత కనిపించింది.

"ఈ రంగేంటే?"

"అందానికి."

"నట్టుకి అందమేంటి?"

"వదినగారు వస్తున్నారుగా."

ఫోలౌకి సబబుగానే తోచింది. ఆ రోజు ఎసేతకి ఇంట్లో అన్నీ నిండుకున్నాయి. రొట్టెకి పంపింది. వచ్చాక కిరసనాయిలుకి పంపింది. తర్వాత దారానికి, తర్వాత ఉప్పుకి. వెళ్లిన ప్రతిసారీ అతను దారిలో పదిమందితో మాట్లాడి గంట చేశాడు. తిరిగొచ్చేసరికి కంప్రెసర్ నిద్రపోతూ ఉండేది. పాపం, అతనే లేపాల్సి వచ్చేది.

మధ్యాహ్నం ఓడ దిగిన లోసేలిని హుంగాలో పెళ్లివారింటికి తీసుకెళ్లాలి. ఆమె అక్కడి మర్యాద ప్రకారం నడుముకి మంచి చాప చుట్టుకుని పడవ ముందు భాగంలో కూర్చుంది. మనిషి కొంచెం భారీ. పడవ ఆవిడకి నమస్కారం పెట్టినట్టు ముందుకి వంగింది. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లు మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవడం ఉండదు గనక ఫోలౌ వెనక చుక్కాని దగ్గర సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాడు. మధ్యలో ఎసేత. ముగ్గురికీ కలిపి పదడుగుల దూరం.

కంప్రెసర్ గుర్రుమంది.

"ఎసేతా, అది అలా అరుస్తోందేమని మీ ఆయన్ని అడుగు."

ఫోలౌ ఈ ప్రశ్నకి మూడు రోజులుగా జవాబు తయారుచేసుకుని ఉన్నాడు. "పాడైందని చెప్పు."

"పాడైందట వదినా."

"వినపడింది. ఎలా పాడైందట?"

"గాలి ఎక్కడో పోతోంది, ఎక్కడో తెలియట్లేదని చెప్పు. మేనల్లుడికి ఇద్దామని మనసులో ఎంతో ఉందని చెప్పు. ఇలాంటిది ఎలా ఇస్తానని చెప్పు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదని చెప్పు."

"బాధపడుతున్నాడట వదినా. నిద్ర మాత్రం బాగానే పడుతోంది, పక్కనే ఉండేదాన్ని నేను."

కంప్రెసర్ ఆగింది. మళ్లీ గుర్రుమంది. అంతా అనుకున్నట్టే నడుస్తోందని ఫోలౌ అనుకున్నాడు.

"అయితే ఎక్కడ పోతోందో ఇవాళ తెలిసింది వదినా" అంది ఎసేత.

చుక్కాని మీద ఫోలౌ చెయ్యి జారింది.

"అతుకులన్నీ చూశాను. కుళాయి చూశాను. హారను వైపు గాలి కట్టేసి గంట సేపు ముల్లు చూశాను, కదల్లేదు. ఇక పడవలో చూడనిది ఒక్కటే మిగిలింది. దాన్ని తీసేసి చూశాను. నట్లన్నీ బిగించి రొట్టెకి పంపాను. గంట సేపు మిషను నోరెత్తలేదు. రొట్టెతో వచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకి లేచింది. మళ్లీ బిగించి కిరసనాయిలుకి పంపాను. అంతే. దారానికి, ఉప్పుకి, అంతే. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక నట్టు మీద గీత రెండు ముక్కలైంది. మిషనులో లోపం లేదు వదినా. గాలి ఈయనలోంచి పోతోంది."

ఫోలౌ ఒక కన్ను తిప్పి ఆమె చెవులు చూశాడు. ఎర్రగా లేవు.

అక్కకి అబద్ధం చెప్పినవాడిగా చర్చి గుమ్మం ఎలా ఎక్కాలా అని ఫోలౌ ఆలోచిస్తున్నాడు. కంప్రెసర్ పోయినట్టే. దాంతోపాటు హారను కూడా. ఇక దీవి దీవికీ వెళ్లి బకెట్టు మీద గరిటెతో కొట్టాలి.

"మిషను బాగానే ఉందన్నమాట" అంది లోసేలి సముద్రంతో.

"బంగారంలా ఉంది వదినా."

"అయితే ఇక్కడే ఉండనీ. కెపుకి మిషను ఎక్కడైనా దొరుకుతుంది. ఏ నట్టు ఎంత తిప్పితే ఎంత గాలి పోతుందో తెలిసిన మనిషి దొరకడు." నడుము చాప సర్దుకుంది. "మీ ఆయన భలే పనివాడు ఎసేతా."

పందికి, మంచానికి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఫోలౌకి ఇప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్లకో అడుగు" అన్నాడు నీరసంగా.

"ఎన్నాళ్లకి వదినా?"

"షాపు నిలదొక్కుకునే దాకా."

"మరి పడవ ఎవరు నడుపుతారని అడుగు."

ఆ ప్రశ్నని ఎసేత ఎవరికీ మోయలేదు. "నేను" అంది. చెవులు మామూలుగానే ఉన్నాయి. లేచి చుక్కాని అందుకుంది.

సోమవారం పెద్ద ఓడ బయల్దేరింది. ఫోలౌ ఓడ వెనక అరుగు మీద పరుపుల మూటల మధ్య కూర్చున్నాడు. అక్క అవతలి చివర కూర్చుంది. మధ్యలో పదిమంది ఉన్నా ఆమె అతనివైపు చూడకుండా చూస్తూనే ఉంది.

రేవు మలుపు తిరుగుతుండగా హారను మోగింది. ఓడలో పిల్లలు చెవులు మూసుకున్నారు. ఫోలౌ మనసులో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, పది, పదిహేను. ఎక్కడా సన్నబడలేదు, ఎక్కడా వణకలేదు. ఆగాక కంప్రెసర్ లేస్తుందేమోనని చెవి ఒగ్గాడు. అంత దూరం వినపడదని తెలిసినా ఒగ్గాడు.

పక్కనున్న ముసలాయన చెవిలోంచి వేలు తీసి అడిగాడు.

"ఎవరిదయ్యా ఆ పడవ?"

ఫోలౌ పరుపుల మూటకి ఆనుకున్నాడు.

"మా ఆవిడది" అన్నాడు.