భయాల కౌంటరు

విజయవాడలోని ఆ షేర్ బ్రోకరు ఆఫీసులో, రోజువారీ కొనుగోళ్లు అమ్మకాలు చేసేవారు మార్కెట్ తెరవకముందే తమ భయాన్ని కౌంటరులో జమచేసి, మూతపడ్డాక వాపసు తీసుకునేవారు. ఏర్పాటు శాస్త్రీయమైనదే. పాత ధరల లెక్కను బట్టి కంప్యూటర్ సంకేతం ఇస్తుంది. దాన్ని పాటించనివ్వనిది భయం. సీసాలో పోస్తే అది పలచని మజ్జిగలా ఉండేది. రసీదు ఇచ్చేవారు.

వాళ్లలో ఒకడైన మురహరి మొదట్లో ప్రతి సాయంత్రం తన సీసా ఇంటికి తీసుకెళ్లేవాడు. లాభాలు నిలకడగా రావడం మొదలయ్యాక, ఇంట్లో దానితో పనేముందని అక్కడే ఉంచేశాడు.

భార్య సుభాషిణికి మెదడులో గడ్డ ఉందని, ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పినప్పుడు, ఆమె బతికే అవకాశం ఎంత శాతమని మురహరి అడిగాడు. జవాబు విని, "సంకేతం బాగానే ఉంది" అన్నాడు.

ఇంటికెళ్లే దారిలో సుభాషిణి అడిగింది. "నాకేమన్నా అవుతుందేమోనని మీకు కాస్తయినా భయం లేదేమండీ?"

అతడు నిజాయితీగా వెతుక్కున్నాడు. లేదు. "ఆఫీసులో ఉండిపోయింది. ఆపరేషన్‌కి ముందే వెళ్లి తెచ్చేస్తాలే."

"పాలపాకెట్టా, పోయి తేవడానికి?" అందామె.

ఆపరేషన్ రోజు పొద్దున్నే కౌంటరుకు వెళ్లాడు. గుమాస్తా పిచ్చేశ్వరరావు రసీదు చూశాడు.

"మీది బయటికెళ్లిందండీ. మరీ తెగించి నష్టపోతున్న ఖాతాదారుకి అద్దెకిచ్చాం. ఇవ్వొచ్చని మీరే సంతకం పెట్టారు గదా."

"ఇవాళ మా ఆవిడకి ఆపరేషనండీ!"

"అయ్యో! ఉండండి, అంతే తూకం గలది వేరొకరిది ఇస్తాను."

"నాది నాకు కావాలి."

"మీరు తాకట్టు పెట్టిన షేర్లు విడిపించుకునేటప్పుడు, ఆ షేర్లే కావాలని ఎప్పుడైనా అడిగారా? అన్నీ ఒకటేగా."

ఆ తర్కంలో మురహరికి దోషం కనిపించలేదు. గుమాస్తా ఇచ్చిన సీసా అక్కడే తాగేశాడు.

ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది. మురహరి అరచేతులు చెమర్చాయి, నోరు ఎండింది. వచ్చేసిందని తృప్తిపడ్డాడు. అంతలో చెయ్యి జేబులోంచి ఫోన్ తీసింది. తాను ఎన్నడూ కొనని ఏదో సిమెంటు కంపెనీ షేరు పడిపోతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపును తలుపు వైపు తిప్పుదామని ప్రయత్నించాడు, అది తిరగలేదు.

అత్తగారు పక్కన కూర్చుంది. "ఊరుకోండి అల్లుడుగారూ. ఇంత ప్రాణం పెట్టుకున్నారు, దానికేం కాదు."

మిగతా కుర్చీల్లోనూ కొందరు మగవాళ్లు ఫోన్లు చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నారు.

తలుపు తెరుచుకుంది. "సుభాషిణి గారి తాలూకు ఎవరండీ?" అంది నర్సు.

మురహరి తల ఎత్తకుండా వేలు చూపించాడు. "ఒక్క నిమిషం."

నర్సు, రోజూ జరిగేదే కాబట్టి, తలుపు పట్టుకుని నిలబడింది.